మీకు తెలుసా? లెక్కకు అందని పిలుపులు

• హారాను విడిచి బయలుదేరేనాటికి అబ్రాహాము వయసు 75 ఏళ్లని ఆదికాండము చెబుతోంది. చేరవలసిన దేశమేదో ఆయనకు తెలియదు. చూపిస్తానన్న దేవుని మాట ఒక్కటే ఆధారం.

• శత్రువుల ముట్టడి నడుమ పొలం కొన్న ప్రవక్త ఉన్నాడు తెలుసా? ఆయనే యిర్మీయా. యెరూషలేము చుట్టూ బబులోను సేనలు దిగి ఉన్నాయి. రాజుగారి కావలి ఆవరణలో ఆయన బందీ. అలాంటి సమయంలో తండ్రి తోడబుట్టినవాడి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న తన పొలం కొనమన్నాడు. ఇది దేవుని మాటేనని గ్రహించిన యిర్మీయా 17 తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసిన పత్రం, వేయనిది రెండూ తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలాకాలం చెడిపోకుండా మట్టికుండలో దాచమన్నాడు. పట్టణం కల్దీయుల చేతికి పోతుంటే ఈ పొలం కొనమంటావేమిటి ప్రభువా అని ఆయన అడిగింది ఆ తరవాతే! బైబిలంతటిలో నాకు బాగా నచ్చిన వరస ఇది. అడగడం తప్పు కాదు, కానీ ముందు చెప్పింది చేశాడు.

• యుద్ధానికి బయలుదేరిన గిద్యోను దగ్గర 32,000 మంది ఉంటే దేవుడు 300 మందినే ఉంచుకోమన్నాడు.

• మన ఒంగోలు చరిత్రలోనూ అలాంటి పిలుపు ఉంది. అమెరికన్ బాప్టిస్టులు 1836లో మొదలుపెట్టిన తెలుగు మిషన్ ఏళ్లు గడిచినా ఎదగలేదు. మూసేద్దామన్న మాట పదేపదే వచ్చింది. 1862లో మళ్లీ ఆ మాట రాగానే, సెలవు మీద స్వదేశం వెళ్లి ఉన్న లైమన్ జ్యూయెట్ ఒప్పుకోలేదు. పంపకపోతే ఒంటరిగానైనా వెళ్తాను, తెలుగువాళ్ల మధ్యే చచ్చిపోతాను అన్నారు. అయితే మిమ్మల్ని పాతిపెట్టడానికైనా ఒకరిని తోడు పంపాలి అన్నారు మిషన్ కార్యదర్శి. అలా ఆయన వెంట వచ్చిన మనిషే జాన్ ఎవరెట్ క్లౌ.

• అంతకు ముందే, 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఒంగోలు కొండ మీద అయిదుగురు ప్రార్థన చేశారు. జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. క్లౌ వచ్చి ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు!

• క్లౌకు ఎదురైన అసలు పరీక్ష మరొకటి. ఒంగోలులో పెద్దకులాలవాళ్లు ఆయన మాటలు ఆసక్తిగా వింటున్నారు. అదే సమయంలో మాదిగలు సంఘంలోకి రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేం రామని పెద్దకులాలవాళ్లు తేల్చేశారు. ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లు వస్తే మిగతావాళ్లు వాళ్ల వెనకే వస్తారన్నది ఎవరైనా వేసే లెక్క. క్లౌ ప్రార్థించి బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం కనిపించింది. దేవుడు పిలిచినవాళ్లలో ఘనులు ఎక్కువమంది లేరని పౌలు రాసిన చోటు అది. వేరే గదిలో భార్య తెరిచిన బైబిల్లోనూ అదే భాగం వచ్చిందని ఆయనే చెప్పుకున్నారు. ఇంక వెనుదిరగలేదు. ఎర్రగుంట్ల పేరయ్యలాంటి మాదిగ బోధకులే ఆ సువార్తను పల్లెపల్లెకూ మోశారు.

• విధేయత అంటే బుర్ర పక్కన పెట్టడం కాదు. 1876–78 కరవులో జనం మలమల మాడిపోతుంటే, సర్వేయరుగా పనిచేసిన అనుభవం ఉన్న క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. తిండి కోసం చేరారన్న మాట ఎవరి మీదా పడకూడదని. సంఖ్యల కోసం ఆశపడే ఏ సంస్థకైనా అది మింగుడుపడని నిర్ణయం. నన్నడిగితే ఆయన జీవితంలో అన్నిటికన్నా గొప్ప విధేయత ఆ నెలలదే.

• కరవు పనులు ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది ఒక్కరోజులో బాప్తిస్మం పొందారు. ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఇచ్చారు.