వార్తల్లో పదం: ఐఈపీ

అమెరికా కేంద్ర విద్యాశాఖను కుదించే ప్రయత్నాల మీద వస్తున్న వార్తల్లో తరచూ కనిపిస్తున్న మాట ఐఈపీ. ఇండివిడ్యువలైజ్డ్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్ అనేది పూర్తి పేరు. వైకల్యం వల్ల ప్రత్యేక బోధన అవసరమైన పిల్లల కోసం, ఒక్కొక్కరికీ విడిగా ప్రభుత్వ బడి రాసివ్వాల్సిన ప్రణాళిక ఇది. అందులో రాసిన సేవలను ఉచితంగా అందించడం స్కూల్ డిస్ట్రిక్టు బాధ్యత.

దీనికి మూలం 1975 నాటి చట్టం. 1990లో దాని పేరు ఐడీఈఏగా మారింది. బిడ్డను పరీక్షించి చూడమని తల్లిదండ్రులైనా, బడి అయినా అడగవచ్చు. తల్లిదండ్రులు సమ్మతించాక 60 రోజుల్లో, లేదా రాష్ట్రం పెట్టిన గడువులో, ఆ పరీక్ష ముగియాలి. అర్హత తేలితే 30 రోజుల్లో ఐఈపీ రాయడానికి సమావేశం జరగాలి. టీచర్లు, డిస్ట్రిక్టు ప్రతినిధితో పాటు తల్లిదండ్రులూ అందులో సభ్యులే, అతిథులు కారు. బిడ్డ చదువులో ఇప్పుడెక్కడున్నాడు, ఏడాదిలో ఏం సాధించాలి, స్పీచ్ థెరపీ వంటివి వారానికి ఎంతసేపు ఇవ్వాలి అన్నవన్నీ కాగితం మీదికి రావాలి. ఏటా కనీసం ఒకసారి సమీక్ష తప్పనిసరి.

ఈ పిల్లల చదువుకయ్యే అదనపు ఖర్చులో 40 శాతం దాకా భరిస్తామన్న కేంద్రం ఏనాడూ ఆ స్థాయికి చేరలేదు. మిగతాది రాష్ట్రాలు, డిస్ట్రిక్టులే మోస్తున్నాయి. నిధుల వార్తల్లో ఈ పదం పదేపదే రావడానికి కారణం ఇదే.

అక్కడి తెలుగు కుటుంబాలు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఇంగ్లిష్ ఇబ్బందైతే సమావేశానికి దుబాసీని బడే ఏర్పాటు చేయాలి. అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.