కంది: విత్తనం కొనే ముందు చెట్టు తీరు అడగండి

అలంపూర్ ప్రాంత కంది రైతులు విత్తనం కొనేటప్పుడు ఎన్ని రోజుల పంటో అడుగుతారు. చెట్టు ఎలా పెరిగి పూస్తుందో కూడా అడగండి.

ఇక్రిశాట్ వారి ఐసీపీఎల్ 87, అంటే ప్రగతి, పొట్టి రకం. కొమ్మ చివర గుత్తిగా పూత వచ్చి ఎదుగుదల ఆగుతుంది. కాయ దాదాపు ఒకేసారి తయారవుతుంది, కోత తేలిక. కానీ ఆ గుత్తుల్లోనే మారుకా మచ్చల పురుగు గూడు కడుతుంది. లోపలికి మందు సరిగా చేరదు.

ఐసీపీఎల్ 87119, మన ఆశ కంది, అలా కాదు. పూస్తూనే కొమ్మ సాగుతుంది. మొదటి పూత రాలినా నేలలో తేమ ఉంటే మళ్లీ పూస్తుంది. మధ్యకాలిక రకం కాబట్టి నల్లరేగడిలోనే వేయండి; చల్కాల్లో చివరికి బెట్టకు గురవుతుంది. సాళ్ల మధ్య 5 నుంచి 6 అడుగులు వదలండి, లేకుంటే పిచికారీకి మనిషి దూరలేడు. పొట్టి రకానికి అంత ఎడం దండగ.

గుత్తి రకం వేసినవారు మొగ్గ దశ నుంచే చేలో తిరిగి గూళ్లు వెతకండి. గూళ్లు ముదిరాక మందు కొట్టినా ఖర్చే మిగులుతుంది.