పెద్దపేగు తీసేస్తే బతుకంతా సంచేనా?

పెద్దపేగు లోపల వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ మందులకు లొంగనప్పుడు, వంశపారంపర్యంగా పేగు నిండా వందలకొద్దీ బుడిపెల్లాంటి పాలిప్‌లు వచ్చినప్పుడు డాక్టర్లు పెద్దపేగు మొత్తం తీసేయాలంటారు. ఆ మాట విన్నరోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పరామర్శకు వచ్చినవాళ్లు తలో మాటా చెప్పి ఉన్న భయాన్ని ఇంకాస్త పెంచి వెళ్తారు.

అపోహ: ఇక జీవితాంతం పొట్టకు మలం సంచి తగిలించుకోవాల్సిందే.

వాస్తవం: అందరికీ అక్కర్లేదు. చిన్నపేగు చివర్ని మడిచి కుట్టి, 15–20 సెంటీమీటర్ల తిత్తి చేసి మలద్వారానికి కలుపుతారు. బిగించి ఉంచే కండరాలు అలాగే ఉంటాయి కాబట్టి విరేచనం మామూలు దారినే అవుతుంది. లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రి సర్జన్లు పార్క్స్, నికొల్స్ 1978లో ఈ పద్ధతిని ప్రకటించారు. ఇప్పుడు ఎక్కువగా చేసే 'జె' ఆకారపు తిత్తి జపాన్ సర్జన్ ఉత్సునొమియా చలవ. ఆపరేషన్ రెండు మూడు విడతల్లో జరుగుతుంది. కుట్లు మానేదాకా, సాధారణంగా రెండు మూడు నెలలు, సంచి ఉంటుంది.

అపోహ: ఆ తర్వాత అందరిలా రోజుకొకసారి వెళ్తే చాలు.

వాస్తవం: ఈ ఆశ పెట్టడం అన్యాయం. కుదుటపడ్డాక కూడా చాలామందికి రోజుకు ఐదారు సార్లు, రాత్రి ఒకసారి తప్పదు. తొలి నెలల్లో ఇంకా ఎక్కువ. తిత్తి సాగేకొద్దీ తగ్గుతుంది, అందుకు ఏడాది పట్టొచ్చు. కొందరికి నిద్రలో కాస్త లీకవుతుంది, చర్మం ఒరుసుకుపోతుంది. నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, జింక్ క్రీము రాస్తే ఉపశమనం. కానీ అసలు తేడా లెక్కలో లేదు, ఆపుకోగలగడంలో ఉంది. హైదరాబాద్‌లో విజయవాడ బస్సెక్కి, సూర్యాపేట ఎప్పుడొస్తుందా అని పంటి బిగువున కూర్చున్నవాళ్లకు ఆ తేడా విలువ తెలుసు.

అపోహ: తిన్నది ఒంటబట్టదు.

వాస్తవం: పోషకాలను పీల్చుకునేది ప్రధానంగా చిన్నపేగే. పెద్దపేగు లేకపోతే పోయేవి నీళ్లు, ఉప్పు. ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ దగ్గరుంచుకోవాలి. పెరుగన్నం, అరటిపండు విరేచనాన్ని గట్టిపరుస్తాయి. ఆవకాయ కారం మాత్రం బయటికొచ్చేటప్పుడూ మండుతుంది. బి12, ఐరన్ పరీక్షలు మానొద్దు.

అపోహ: ఆడపిల్లకు ఇక పిల్లలు పుట్టరు.

వాస్తవం: కటి భాగంలో అతుకులు ఏర్పడి గర్భధారణ అవకాశం తగ్గే మాట నిజం. లాప్రోస్కోపీలో ఆ నష్టం తక్కువ. తిత్తితో బిడ్డల్ని కన్న తల్లులు చాలామందే ఉన్నారు. పెళ్లీడు అమ్మాయైతే ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే మాట్లాడాలి, సిగ్గుపడి దాటేయకూడదు.

అపోహ: పేగే పోయింది, జబ్బు పీడా వదిలింది.

వాస్తవం: తిత్తికీ వాపు రావచ్చు. కొలైటిస్ వల్ల ఆపరేషన్ అయినవాళ్లలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకసారి వస్తుంది. చాలాసార్లు యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది. కొద్దిమందికి తిత్తి నిలవక మళ్లీ సంచే దిక్కవుతుంది. సంచితో ఉద్యోగాలు చేస్తూ, పిల్లల్ని పెంచుతూ హాయిగా ఉన్నవాళ్లూ ఉన్నారు, అది ఓటమి కాదు.

ఈ ఆపరేషన్లు తరచుగా చేసేచోట ఫలితాలు మెరుగ్గా ఉంటాయి. సంతకం పెట్టేముందు సర్జన్‌ను మొహమాటం లేకుండా అడగండి: "ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు డాక్టరుగారూ?"