ఛత్తీస్‌గఢమున శిశుమరణములు

రాయపూరు రాజధానిగా 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున, 2005-06 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, సజీవముగ పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో సుమారు 71 మంది ఏడాది నిండకమునుపే మృతినొందుచుండిరి. 2015-16 సర్వేలో ఈ సంఖ్య 54కును, 2019-21లో 44కును దిగెను. 2002లో ఆరంభమైన మితానిన్ పథకము క్రింద గ్రామస్త్రీలే బాలింతల యిండ్లకు పోయి సలహాలిచ్చుటయు, ఆసుపత్రి కాన్పులు నూటికి 14 నుండి 86 వరకు పెరుగుటయు ఇందుకు తోడ్పడినవనవచ్చును.

అయితే ఆ 44 మరణములలో 32 మొదటి నెలలోనివే. కాన్పు ఆసుపత్రిలో జరిగినంతమాత్రమున చాలదు. నెలలు నిండని బిడ్డకు వెచ్చదనము, తల్లిపాలు, ఊపిరందని బిడ్డకు తక్షణసాయము కావలెను. పేరైన పెట్టకమునుపే పోయిన బిడ్డ యొక్క జననమును మరణమును రెండును లెక్కకెక్కకపోవుట కలదు. అట్టి పట్టికను చూచి మరణములు తగ్గినవని తలచుట పొరపాటు. 1969 నాటి జననమరణ నమోదు చట్టము క్రింద 21 దినములలో ఆ రెండింటిని వేర్వేరుగ నమోదు చేయింపవలెను.