నీటి చోటును పటంలో గుర్తించడం: పళ్ళికరణై చిత్తడి నేల

2015 డిసెంబరు నాటి కుండపోత వానలకు చెన్నై దక్షిణ భాగాన వేళచ్చేరి, మడిపాక్కం, పళ్ళికరణై ప్రాంతాల వీధులు నీట మునిగాయి. పల్లానికి పారడం నీటికి సహజం. దక్షిణ చెన్నైలోని అనేక చెరువుల మిగులు నీరు పళ్ళికరణై చిత్తడి నేలకు చేరి, ఒక్కియం మడుగు మీదుగా బకింగ్‌హాం కాలువలో కలిసి, కోవళం వద్ద సముద్రంలోకి పోతుంది. తమిళంలో ‘సదుప్పు నిలం’ అని పిలిచే ఈ నేలను ఇళ్ళు, రోడ్లు, చెత్త గుట్టలు చాలావరకు ఆక్రమించాయి. మిగిలిన భాగాన్ని పునరుద్ధరించాలంటే ముందుగా దాని హద్దు తెలియాలి. అందుకు డిజిటల్ పటాలు ఆధారమవుతున్నాయి.

ఉపగ్రహం చూసేదేమిటి?

నీరు సమీప పరారుణ కిరణాలను దాదాపు పూర్తిగా పీల్చుకుంటుంది. పచ్చని మొక్కలు వాటిని బాగా పరావర్తనం చేస్తాయి. అందువల్ల ఆ కిరణాలతో తీసిన చిత్రంలో నీరు నల్లగానూ, పచ్చదనం కాంతిమంతంగానూ కనిపిస్తాయి. అయితే చిత్తడి నేల వేసవిలో ఎండి బీడులా, వానల తరువాత తుంగ, గుర్రపుడెక్క కమ్మి పొలంలా కనిపించవచ్చు. ఒక్క చిత్రాన్ని చూసి ఖాళీ స్థలమని నిర్ణయిస్తే పొరపాటు జరుగుతుంది. కాబట్టి వానలకు ముందు, తరువాత తీసిన చిత్రాలను పోల్చి చూస్తారు. మబ్బు పట్టిన రోజులలో రాడార్ చిత్రాలు తోడ్పడతాయి. నేల ఎత్తుపల్లాల వివరాలను జోడిస్తే నీరు పారే దారి తెలుస్తుంది.

వర్గీకరణ అవసరమేమిటి?

ఇస్రోకు చెందిన అహ్మదాబాదులోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం 2006–07 నాటి ఉపగ్రహ చిత్రాల ఆధారంగా రూపొందించిన జాతీయ చిత్తడి నేలల అట్లాసు 2011లో వెలువడింది. సహజమైనవి, మానవ నిర్మితాలు, లోతట్టు ప్రాంతాలవి, తీరప్రాంతాలవి అంటూ అది వీటిని 19 రకాలుగా విభజించింది. రకాన్ని బట్టి పునరుద్ధరణ మారుతుంది. చెరువుకు పూడిక తీసి, కట్టనూ తూమునూ అలుగునూ బాగుచేస్తారు. సహజమైన చిత్తడి నేలను అదే విధంగా లోతుగా తవ్వితే తక్కువ నీటిలో మేత వెతుక్కునే పక్షులకు చోటు ఉండదు. కొల్లేరు సరస్సు, అందులో గట్లు పోసి తవ్విన చేపల చెరువులు చిత్రంలో నీరుగానే కనిపిస్తాయి. వాటిని వేరు చేసి చూపేది వర్గీకరణే.

హద్దు లేని చుక్కలు

ఆ అట్లాసు 2.25 హెక్టార్లు, అనగా సుమారు ఐదున్నర ఎకరాలకు తక్కువ కాని 2,01,503 చిత్తడి నేలలను పటంలో చూపింది. అంతకంటె చిన్నవైన ఐదున్నర లక్షలకు పైబడిన వాటిని చుక్కలుగా మాత్రమే గుర్తించింది. ఊరి కుంటలు అనేకం ఈ కోవకే చెందుతాయి. చుక్కకు హద్దు ఉండదు. హద్దు లేని నేలను ఆక్రమణ నుండి కాపాడడం కష్టం. పళ్ళికరణైలో 2007లో 317 హెక్టార్లను రిజర్వు అడవిగా ప్రకటించగా, 2022లో సుమారు 1,247 హెక్టార్లకు రామ్‌సర్ గుర్తింపు లభించింది. ఏ హద్దును ప్రమాణంగా తీసుకుంటారన్న దానిపైనే రక్షణ పొందే నేల ఎంతో ఆధారపడుతుంది.

పౌరుల పాత్ర

ఉపగ్రహ చిత్రం చూపినదాన్ని క్షేత్రంలో సరిచూడక తప్పదు. వానకాలంలో నీరు ఎక్కడ, ఎన్నాళ్ళు నిలిచిందో చాలాకాలంగా అక్కడ నివసిస్తున్నవారికి తెలుసు. సర్వే సమయంలో వారు చెప్పే వివరాలు హద్దు నిర్ణయానికి ఉపకరిస్తాయి. స్థలం కొనేవారు రెవెన్యూ రికార్డులలో దాని సర్వే నంబరు ఎదుట ఏమి రాసి ఉందో చూసుకోవాలి. తమిళంలో ‘ఏరి’ అంటే చెరువు, ‘కుళం’ అంటే కొలను, ‘కుట్టై’ అంటే కుంట, ‘ఓడై’ అంటే వాగు. ఈ నాలుగు మాటలలో ఏది కనిపించినా, అది నీటికి చెందిన చోటని గ్రహించాలి.