ఆరు వారాల సెలవు ఎవరికి?

లాడ్ బజార్ వెనక గల్లీలో ఒక ఇంటి ముందు గదిలో కూర్చున్నాను. ఎదురుగా బొగ్గుల కుంపటి. ఆ సెగకు మెత్తబడిన లక్క మీద ముప్పై దాటని ఒకామె చకచకా రాళ్లు అద్దుతోంది. మన హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. గాజు చేసే చేతికి మాత్రం హాజరు పట్టీ కూడా లేదు. జతల లెక్కన కూలి, అంతే.

"మూడో రోజుకే కుంపటి ముందు కూర్చున్నా బాజీ" అంది తల ఎత్తకుండానే. ముగ్గురు పిల్లలయ్యాక మళ్లీ నెల తప్పింది. వద్దనుకుంది. నర్సింగ్ హోమ్‌లో "మీ ఆయన సంతకం ఉంటేనే" అన్నారట. ఆయన ఊళ్లో లేడు. తిరగ్గా తిరగ్గా రెండు వారాలు గడిచిపోయాయి.

అసలు ఆ సంతకం అక్కర్లేదు! 1971 నాటి చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు. గర్భం రాకుండా వాడిన పద్ధతి విఫలమైనా సరే, 20 వారాల లోపు ఒక డాక్టరు అభిప్రాయంతో అబార్షన్ చేయించుకోవచ్చు. కొన్ని పరిస్థితుల్లో 24 వారాల దాకా వీలు కల్పించింది 2021 సవరణ. పెళ్లికానివారిని ఇందులోంచి తప్పించకూడదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంకో సంగతి మనలో చాలామందికి తెలీదు. అబార్షన్ అయిన ఉద్యోగినికి ఆరు వారాలు జీతంతో సెలవు. ప్రసూతి చట్టంలోకి 1995 సవరణతో వచ్చిన ఈ హక్కు, 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది.

మరి యూనియన్లు ఈ మాట చెప్పవేం? పాతబస్తీలో ఏళ్లుగా కార్మికుల్లో తిరిగే ఒక పెద్దాయన్ని అడిగాను. "అది మతం విషయమమ్మా, మేం వేలు పెట్టం" అన్నారు. నాకు నవ్వొచ్చింది. రంజాన్ గిరాకీ ముందు కూలి పెంచమని అడగడానికి మతం అడ్డు రాలేదే! ఈ నగరంలో కార్మికులను కూడగట్టిన కవి మఖ్దూం మొహియుద్దీన్ కూడా భక్తి గల ఇంట్లో పెరిగినవారే. పోనీ మతమైనా ఒక్క మాటే చెబుతోందా? హనఫీ పండితుల్లో చాలామంది, తగిన కారణముంటే 120 రోజుల లోపు ఒప్పుకున్నారు. కాదన్నవారూ ఉన్నారు. ఇది ఒక్క పాతబస్తీ సంగతీ కాదు లెండి. మా ఇళ్లలో 'పాపం' అనే మాట తక్కువా?

లేచే ముందు ఆ ఆరు వారాల సంగతి ఆమెకు చెప్పాను. చేతిలో గాజు ఆగిపోయింది.

"ఎవర్ని అడగాలి బాజీ? నాకు లక్క తెచ్చిచ్చే ఆయన్నా, ఆయనకిచ్చే సేఠ్‌నా?"