కట్టెల ధరలో కలిసిపోయిన కూలి

మన కవిత్వంలో చెట్టు కొట్టేవాడు దాదాపు ఎప్పుడూ హంతకుడే. చెట్టు తల్లి, గొడ్డలి క్రౌర్యానికి ప్రతీక. అలాంటి కవితలు నేనూ రాశాను గనుక ఎవరినీ వేలెత్తి చూపడం లేదు. అయితే విశాఖపట్నంలో మా పెరటి వేపచెట్టు పక్కింటి రేకుల మీదికి ఒరిగి, కొట్టించక తప్పని పరిస్థితి వచ్చినప్పుడు, ఆ గొడ్డలి పట్టే మనిషి కూలి ఎలా నిర్ణయమవుతుందో నాకు బొత్తిగా తెలియదని తేలింది.

ముగ్గురు మేస్త్రీలను పిలిచాను. మొదటాయన 9,000 అడిగాడు. రెండో ఆయన 6,500. మూడో ఆయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, మొదలు మీద అరచేత్తో తట్టి, "నాలుగు వేలు ఇప్పించండి మాస్టారూ, కట్టె నాది" అన్నాడు. పని అతనికే ఇచ్చాను.

నలుగురు మనుషులు, రెండు రోజులు. రెండో రోజు సాయంత్రం టీ తాగుతూ మేస్త్రీతో కూర్చుని లెక్క వేశాను. నేనిచ్చిన 4,000లో రంపం మిషను అద్దె, పెట్రోలు కలిపి 1,000. ట్రాక్టరుకు 1,200. మిగిలింది 1,800. కట్టెల అడితిలో వేపకట్టెకు 3,000 వచ్చింది. మొత్తం 4,800. రోజుకు 2,400. చెట్టెక్కినవాడికి 750, కింద తాడు పట్టినవాళ్లు ముగ్గురికీ తలా 550. అదే వారం మా వీధిలో నేల మీద నిలబడి గోడకు సిమెంటు పూసిన తాపీ మేస్త్రికి 900. నలభై అడుగుల ఎత్తున, ఒక చేత్తో కొమ్మ పట్టుకుని మరో చేత్తో మిషను నడిపినవాడికి అంతకన్నా తక్కువ!

"కట్టె నాది" అన్న రెండు మాటల్లోనే ఈ వృత్తి అర్థశాస్త్రమంతా ఉంది. చెట్టు కొట్టించే ఇంటివాడు కూలి ఇస్తున్నాననుకోడు. చెట్టును ఇచ్చాననుకుంటాడు, పైన ఏదో ముట్టజెప్పాననుకుంటాడు. కూలి కట్టె ధరలో కలిసిపోతుంది. చింత, వేప అయితే అడితివాడు కొంటాడు. తురాయి, మునగ అయితే అడిగేవాడుండడు. కాని కరెంటు తీగల మధ్య పెళుసు కొమ్మల తురాయి ఎక్కడం వేప ఎక్కడం కన్నా ప్రమాదం. అపాయం ఒక దారిన పోతుంది, కూలి మరో దారిన పోతుంది. పై కొమ్మ మీద ఉన్న మనిషి బతుకు అడితిలో కట్టె ధర మీద ఊగుతుంది.

మరి 9,000కూ 4,000కూ తేడా ఏమిటి? మూడో మేస్త్రి నేర్పరి, మొదటివాడు మోసగాడు అనుకోవడం మన మధ్యతరగతి బుద్ధికి సులువు. మొదటాయన లెక్కలో నడుముకు బెల్టు ఉంది, హెల్మెట్లున్నాయి, కోసిన ప్రతి ముక్కనూ తాడుతో దించడానికి అదనంగా ఒక మనిషి, ఒక రోజు ఉన్నాయి. పెట్రోలు ధర తగ్గదు, ట్రాక్టరువాడు తగ్గడు. తగ్గగలిగింది మనిషి ఒక్కడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊళ్లో చెట్లన్నిటినీ పడగొట్టిన తర్వాత మిషన్లు పట్టుకుని ఈ పనిలోకి వచ్చిన కుర్రాళ్లు చాలామందని, పడిన చెట్లు అయిపోయాక వాళ్లంతా ఇళ్ల మీద పడి రేట్లు కొట్టుకున్నారని మేస్త్రీయే చెప్పాడు. చెప్పినవాడూ వాళ్లలో ఒకడే.

ప్రభుత్వ పనుల్లోనూ పద్ధతి ఇదే. కాకపోతే దాని పేరు టెండరు. అంచనా కన్నా ఎంత "లెస్"కు వేస్తే పని వాళ్లది. ఆ లెస్సు ఎవరి పొట్టలోంచి వస్తుందో ఫైలులో ఏ కాలమూ అడగదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం చెట్టు కొట్టడానికి అనుమతి తెచ్చుకోమంటుంది. ఎక్కేవాడి ఊసు దానికి పట్టదు. 1948 నాటి కనీస వేతనాల చట్టం స్థానంలో 2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమేనని ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. ఇవన్నీ యజమాని ఎవరో తెలిసినప్పటి మాట. గుత్తకు మాట్లాడుకున్న చోట యజమాని ఎవరు? నేను కాదంటాను. మేస్త్రీ తానూ కూలివాడినే అంటాడు, నిజమే. 'పెట్టుబడి' మొదటి సంపుటంలో మార్క్స్ పనిముక్క వేతనం గురించి రాస్తూ, అది మధ్య దళారులకు ఎలా చోటిస్తుందో, కార్మికుడిని కార్మికుడే పిండే స్థితి ఎలా వస్తుందో వివరించాడు. గుత్త దానికి అన్నగారు.

చెట్టు పోయిన వారానికి పక్కవీధి రిటైర్డు ఉద్యోగి ఒకరు వచ్చి ఎంతయిందని అడిగారు. నాలుగు వేలన్నాను. కాస్త గొప్పగానే అన్నాననుకుంటాను. ఆయన మొదటి మేస్త్రీని పిలిచి నా 4,000 సంగతి చెప్పారట. ఆ మేస్త్రీ 4,500కు ఒప్పుకున్నాడు. పని జరిగేరోజు నేను చూడబోయాను. హెల్మెట్లు లేవు, బెల్టు తేలేదు, తాడు దగ్గర ఒక మనిషి తగ్గాడు.